వాసితి చెరిపిన టిక్కులు

వాసితి నోటికి జడవనివాళ్ళు సువాలోని వాలు బే ఆఫీసులో ఒక్కరూ లేరు. సిమెంటు ఆలస్యంగా పంపిన గోదాము వాణ్ణీ, చెప్పాపెట్టకుండా మాయమైన ఇంజనీరునీ ఒకే గొంతుతో కడిగేసేది. "ఆవిడ ఫోను మోగితే ముందు కుర్చీలో సరిగ్గా కూచోవాలి, ఆ తర్వాతే ఎత్తాలి" అని కొత్తగా చేరినవాళ్ళకి పాతవాళ్ళు నేర్పేవారు. అలాంటి మనిషి ఈ లోకంలో ఒకే ఒక్కడితో మాట్లాడేది కాదు. మంచిమాట లేదు, చెడ్డమాట లేదు, అసలు మాటే లేదు. అతను ఎమోసి, ఆమె పెదనాన్న కొడుకు, అదే కంపెనీలో మేస్త్రీ.

ఫీజీలోని లౌ దీవుల్లో పుట్టినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. అన్నాచెల్లెళ్ళ వరసైనవాళ్ళు పెద్దయ్యాక ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. పగ వల్ల కాదు, గౌరవం వల్ల. ఒకరు గదిలోకి వస్తే ఇంకొకరు లేచి బయటికి పోతారు. తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సి వస్తే బావ వరసవాడి చేత చెప్పిస్తారు. బావలకి ఏ అడ్డూ లేదు, వాళ్ళు ఎవరినైనా ఏమైనా అంటారు. సువా పట్నంలో పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇవన్నీ పట్టించుకోవడం లేదు, నిజమే. వాసితీ ఎమోసీ మాత్రం ఒనెయాతా దీవి మనుషులు. అక్కడ ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పెరిగారు. అలలు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ సందుల్లో ఆల్చిప్పలు ఎలా వెతకాలో ఆమెకి నేర్పింది ఎమోసే. ఆమెకి పదమూడేళ్ళు రాగానే నాయనమ్మ ఆమె చాప చుట్టి ఇంటికి అవతలి మూల పరిచింది. అంతే. ఆ రోజు నుంచి ఈ కథలోని బుధవారం వరకు ఇరవై ఎనిమిదేళ్ళు.

పద్దెనిమిదో ఏట ఓడెక్కి సువాకి వచ్చింది. రైవాంగాలో మేనత్త ఇంట్లో ఉండి టైపు నేర్చుకుని, వైతూయి కంపెనీలో గుమాస్తాగా చేరింది. అప్పటికే అది పెద్ద కంపెనీ. అయిదు దీవుల్లో రేవులు, వంతెనలు, నీళ్ళ ట్యాంకులు, పన్నెండు వందల మంది పనివాళ్ళు. ఏ పని ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే గోడ పొడవునా అతికించిన గోధుమరంగు కాగితం మీద మూడు రంగుల గుండుసూదులు చూడాలి. ఆ సూదులు గుచ్చే ఉద్యోగం వాసితిది. ఫీజీ మొత్తం మీద ఏ మేస్త్రీ ఎంత బద్ధకస్తుడో ఆ సూదుల్లో కనబడుతుందని అనేది. తరవాత కాగితం పోయి కంప్యూటరు వచ్చింది. ఆరేళ్ళ కిందట ఇంటర్నెట్టులో నడిచే బోర్డు వచ్చింది. కొండ మీద ఉన్నవాడైనా సముద్రం మీద ఉన్నవాడైనా ఫోనులో తెరిస్తే కంపెనీ పనులన్నీ వరసగా కనిపిస్తాయి. మొదలుకానిది బూడిదరంగు, నడుస్తున్నది నారింజరంగు, టిక్కు పెడితే ఆకుపచ్చ. గుండుసూదుల వాసితి బోర్డు వాసితి అయింది.

ఆ బోర్డు వల్లనే ఎమోసితో ఆమెకి పని కుదిరింది. అతను వనువా లెవు దీవిలో మేస్త్రీ, అతని పనుల పట్టిక ఈమె చేతిలో. బోర్డు మీద ఈమె పని రాస్తుంది, అతను టిక్కు పెడతాడు. ఇది మాట్లాడుకోవడం కిందికి రాదని ఇద్దరూ ఎవరికి వారే తీర్మానించుకున్నారు. పాస్టరుని మాత్రం అడగలేదు, ఏమంటాడోనని.

అయితే ఎమోసికి ఒక అలవాటు ఉంది. అతను పనిచేసే చోట ఎప్పుడూ ఫోను సిగ్నలు ఉండదు. తెల్లవారుతూనే ఒక గట్టు మీదికి ఎక్కితే రెండు గీతలు దొరుకుతాయి. అక్కడ నిలబడి, ఆ రోజు చెయ్యబోయే పనులన్నిటికీ ముందే టిక్కులు పెట్టేసి పనిలోకి దిగేవాడు. టిక్కు పెట్టడమంటే మాట ఇవ్వడమని అతని లెక్క. ఇచ్చాక ఆకాశం విరిగి మీద పడ్డా సాయంత్రం అయిదింటికల్లా పని ముగిసేది. ఆరేళ్ళలో ఒక్కనాడూ మాట తప్పలేదు.

అలా చెయ్యకూడదని అతనికి ఎవరు చెప్పాలి? వాసితి చెప్పకూడదు. బావ చేత చెప్పిస్తే చెల్లెలు అన్న తప్పు ఎంచినట్టవుతుంది. మేనేజరుతో చెబితే అన్న పరువు ఆఫీసు మెట్ల మీద పడుతుంది. ఊరందరినీ కడిగేసే మనిషికి ఇక్కడ నోరు రాలేదు. అందుకని ఆమె తనకి తోచిన దారి తాను పట్టింది. రోజూ పొద్దున్న ఏడుంపావుకి, ఇంకా ఎవరూ రాకముందే, కర్రపెండలం ముక్కా టీ గ్లాసూ పక్కన పెట్టుకుని అన్న పెట్టిన టిక్కులన్నీ ఒక్కొక్కటే చెరిపేసేది. సాయంత్రం అయిదు దాటాక రూపెని గట్టెక్కి ఫోను చేసేవాడు. రూపెని ఇద్దరికీ మేనత్త కొడుకు, ఎమోసి జట్టులో లారీ డ్రైవరు.

"మరదలా, మీ అన్న ఇవాళ్టి పని అయింది. నన్ను కాదని ఆ బ్యాంకు గుమాస్తాని చేసుకున్నావు, ఏం బావుకున్నావు?"

"గురక లేకుండా నిద్రపోతున్నాను బావా."

అప్పుడు ఆమె టిక్కులు మళ్ళీ పెట్టేది. ఇలా ఆరేళ్ళు. అన్నకి తెలియదు, ఆఫీసుకి తెలియదు. రూపెనికి కూడా సగమే తెలుసు.

సోమవారం బోర్డు మీద కొత్త కబురు వచ్చింది. కంపెనీ కొత్త రకం బోర్డు తెచ్చింది. బుధవారం నుంచి ఒక పని పచ్చబడితే, ఉదయం ఎనిమిది కొట్టగానే తరువాతి జట్టుకి బోర్డే కబురు పంపిస్తుంది. తేదీ కూడా అదే ముందుకు జరుపుకుంటుంది. మధ్యలో మనిషితో పని లేదు. అది వాసితి రెండుసార్లు చదివింది. మంగళవారం సాయంత్రం రూపెనితో టిక్కుల సంగతి చెప్పేద్దామనుకుంది. కానీ అతను పంటి నొప్పితో మూలుగుతూ, "అయింది మరదలా, రేపు లబాసా పట్నం వెళ్ళి ఈ పన్ను పీకించేస్తా" అని పెట్టేశాడు. సరే, ఏడుంపావుకి చెరిపేస్తే ఎనిమిదికి వెళ్ళేదేముంటుందిలే అనుకుంది. తప్పంతా అక్కడే జరిగింది. ఆ మాట ఆమే ఒప్పుకుంటుంది, నేను కనిపెట్టింది కాదు.

బుధవారం పొద్దున్న వాన. నౌసోరి నుంచి వాసితి వచ్చే బస్సు రేవా వంతెన మీద ఆగిపోయింది. ముందు ఎక్కడో చెరకు లారీ అడ్డంగా తిరిగిందట. ఏడైంది, ఏడుంపావు అయింది. వాసితి ఫోను తీసింది. కొత్త బోర్డు కొత్త పాస్‌వర్డు అడిగింది. అది ఆఫీసువాళ్ళు ఆ పొద్దున్న తీసుకోవాల్సిన కాగితం మీద ఉంది, మేస్త్రీలకి మాత్రం పాతదే. పాతది కొట్టింది, తిరస్కరించింది. మూడోసారి కొట్టేసరికి పూర్తిగా మూసేసింది. ఆఫీసుకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. రూపెనికి చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

ఆ రోజు ఎమోసి పట్టికలో ఏముందో ఆమెకి కంఠతా వచ్చు, రాసింది తనే. వైనిలోలో అనే చోట కొండ మీద కొత్త నీళ్ళ ట్యాంకు. లోపలికి దిగి గోడలు, అడుగు బ్లీచింగు నీళ్ళతో రుద్ది కడగాలి. దాని కిందే తరువాతి పని: తొమ్మిది కిలోమీటర్ల ఎగువన ఆనకట్ట దగ్గర వాల్వు తెరిచి ట్యాంకులోకి నీళ్ళు వదలాలి. అది శుక్రవారం నాటి పని, కిటియోనె జట్టుది. మొదటిది పచ్చబడితే రెండోది శుక్రవారం దాకా ఆగదు.

బస్సు దిగి వానలో పరుగెత్తింది. నలభయ్యొక్కేళ్ళ మనిషి, చీలమండల దాకా తడిసిన బట్టలు కాళ్ళకి చుట్టుకుంటుంటే, మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కింది. ఎనిమిదీ ఇరవై రెండు. గదులు ఖాళీ. పెద్ద హాల్లోంచి చప్పట్లు వినిపించాయి.

తలుపు తోసింది. కంపెనీ పెద్దలందరూ ముందు వరసలో ఉన్నారు. మేనేజరు అర్వీన్ చంద్ గోడంత తెర ముందు నిలబడి కొత్త బోర్డు చూపిస్తున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఈ ఒక్క గంట కోసం నెల రోజులు నిద్ర మానుకున్న మనిషి.

"చూడండి, వైనిలోలో" అంటున్నాడు. "ఎమోసి జట్టు పొద్దున్న ఆరూ ఇరవైకే ట్యాంకు శుభ్రం చేసేసింది. ఎనిమిదికి బోర్డే కబురు పంపింది. ఎనిమిదీ ఆరుకి కిటియోనె చూశాడు. వాల్వు దగ్గరికి నడుస్తున్నాడు. తొమ్మిదికల్లా నీళ్ళు. రెండు రోజులు కలిసొచ్చాయి. ఎవరైనా ఒక్క ఫోను చేశారా? చెయ్యలేదు."

మళ్ళీ చప్పట్లు. తెర మీద ఎమోసి పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు అరచేయంత కనబడుతోంది.

నోరు విప్పితే ఆరేళ్ళుగా దాచిన అన్న తప్పు కంపెనీ పెద్దలందరి ముందూ బయటపడుతుంది. విప్పకపోతే ట్యాంకులో నలుగురు. నిజానికి ఇందులో ఎంచుకోవడానికి ఏమీ లేదు. అయినా నోరు తెరవడానికి ఆమెకి నాలుగు ఊపిరులు పట్టాయి. ఆ నాలుగిటికీ ఆమె తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

"సార్, ఆపించండి. ట్యాంకులో మనుషులున్నారు."

అర్వీన్ నవ్వబోయాడు. "వాసితీ, పచ్చగా ఉంది కదా."

"అది ఉత్త పచ్చ. ఆయన పొద్దున్నే అన్నిటికీ ముందుగా పెట్టేస్తాడు. నేను రోజూ చెరుపుతాను. ఇవాళ బస్సు ఆగిపోయింది."

"రోజూ అంటే?"

"ఆరేళ్ళుగా."

ముందు వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. అర్వీన్ ముఖం తెల్లబోయింది. కానీ మెచ్చుకోవాలి, తిట్టడానికి ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు. బోర్డు మీద ఆపే మీట నొక్కాడు. టిక్కు పోయింది, తెర మీద అంతా బూడిదరంగు. అయితే ఏం లాభం? కిటియోనె అప్పటికే లోయలోకి దిగిపోయాడు. అతని లారీ, అందులో రేడియో, పైన రోడ్డు మీదే ఉండిపోయాయి, లోయలో ఫోనుకి సిగ్నలు లేదు. కబురు తీసుకుపోయిన బోర్డుకి దాన్ని వెనక్కి తెచ్చే చెయ్యి లేదు.

వాసితి ఫోను మోగింది. రూపెని.

"మవదవా" అన్నాడు. సగం నోరు మొద్దుబారి ఉంది. "డాక్టరు కుర్చీలో ఉన్నా. ఎందుకు అన్నిసార్లు చేశావ్? మొగుడు వదిలేశాడా?"

"బావా, నవ్వులాట కాదు. ట్యాంకు మూత దగ్గర కాపలాకి నీ బదులు ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. మూత దగ్గర ఎవర్నైనా పెట్టమన్నా. నలుగురం ఉన్నాం, నలుగురం లోపలే రుద్దితే తొందరగా అవుతుంది అన్నాడు మీ అన్న."

ఆమె రెండు మాటల్లో చెప్పింది. అవతల నవ్వు ఆగిపోయింది. వెనక ఎవరో నోరు తెరవమంటున్నారు.

"లారీ అక్కడే వదిలేసి వేరే బండిలో వచ్చా" అన్నాడు రూపెని. మొద్దుబారిన నోటితోనే మాటలు స్పష్టంగా పలకడానికి ప్రయత్నిస్తున్నాడు. "రేడియో ఆన్‌లో ఉంది. రగ్బీ వినడానికి బయట లౌడుస్పీకరు గొట్టం బిగించాగా, అందులోంచి వినబడుతుంది. ట్యాంకు ఇరవై అడుగుల దూరం. లోపలికి కూడా వినబడుతుంది. పిలవండి. కానీ మరదలా."

"ఏంటి?"

"ఆఫీసు పిలిస్తే మీ అన్న పని వదిలి రాడు. నేను చెబితే వచ్చేవాడు. నేనేమో ఇక్కడ చచ్చా."

రేడియో గది వసారా చివర. పాత పెట్టె, మూలకి నెట్టిన బల్ల. ఇందులో పలికింది కంపెనీ లారీలన్నిటిలో ఒకేసారి వినబడుతుంది. అయిదు దీవుల్లో ముప్పై పైన లారీలు. అర్వీన్ మైకు అందుకున్నాడు. గోడ గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది.

"వైనిలోలో, ఎమోసీ. సువా ఆఫీసు."

మూడుసార్లు పిలిచాక గరగరమని చప్పుడైంది. ఎమోసి గొంతు వచ్చింది. రొప్పుతున్నాడు, నిచ్చెనెక్కి వచ్చినట్టుంది.

"చెప్పండి సార్."

"ఎమోసీ, అందర్నీ ట్యాంకులోంచి బయటికి తియ్యండి. వాల్వు తెరుస్తున్నారు."

"నీళ్ళు శుక్రవారం సార్."

"బోర్డు ముందుకి జరిపింది. ఇవాళే."

అవతల నిట్టూర్పు. "సార్, మొన్న తుఫాను అన్నారు, ఎండ కాసింది. నిన్న డీజిలు లేదన్నారు, రెండు పీపాలున్నాయి. ఇవాళ నీళ్ళంటున్నారు. కిటియోనె నాతో ఒక్క మాట చెప్పకుండా వాల్వు మీద చెయ్యి వెయ్యడు. పన్నెండేళ్ళుగా తెలుసు నాకు."

"అది కాదు, ఇప్పుడు బోర్డే చెబుతుంది. మిమ్మల్ని అడగడు. ఇది ఆర్డరు, ఎమోసీ."

"వస్తాం సార్. బ్లీచింగు నీళ్ళు గోడల మీదున్నాయి. ఇప్పుడు ఆపితే ఆరిపోతుంది, మొత్తం మొదటికొస్తుంది. అరగంట."

టక్కుమని ఆగింది. అర్వీన్ మళ్ళీ పిలిచాడు. అరిచాడు. తిట్టాడు కూడా, ఆయన నోట ఆ మాటలు ఎవరూ ఎన్నడూ వినలేదు. అటునుంచి ఏమీ లేదు. అన్న మళ్ళీ ట్యాంకులోకి దిగిపోయాడని వాసితికి అర్థమైంది. ఆ నిచ్చెన ఎక్కడుందో పటంలో ఆమె వందసార్లు చూసింది. నడుము మందం పైపు ట్యాంకులోకి తెరుచుకునే చోటు దానికి మూడడుగుల పక్కన. నీళ్ళొస్తే మొదట కొట్టేది నిచ్చెననే. వాల్వు తెరిచాక కొండ దిగి రావడానికి నీళ్ళకి ఇరవై నిమిషాలు పడుతుంది. కిటియోనె చెప్పిన సమయానికంటే ముందు పనిచేసే రకం. ఎప్పుడు తెరుస్తాడో, అప్పుడే తెరిచేశాడో, ఎవరికీ తెలియదు.

ఆఫీసువాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. లౌ మనుషులు ఇద్దరున్నారు అందులో. వాళ్ళు వాసితి వంక చూసి చూపు తిప్పుకున్నారు. ఇక ఎమోసిని పిలవాల్సింది ఎవరో వాళ్ళకీ తెలిసిపోయింది.

నాయనమ్మ చాప చుట్టిన రోజు ఆమె అడిగింది, "ఎప్పటిదాకా మాట్లాడకూడదు?" అని. నాయనమ్మ చాప పరుస్తూనే, "ఎప్పటికీ. ఇల్లు తగలబడితే తప్ప" అంది. ముసలావిడ మాటలకేం, ఏవో అంటుంటుందని వాసితి అప్పుడు నవ్వింది.

ఆమె చెయ్యి చాచింది. అర్వీన్‌కి ఏమీ అర్థం కాకపోయినా మైకు ఇచ్చేశాడు. మీట నొక్కింది. ఈ గొంతు ఎన్ని గోదాముల్ని హడలగొట్టిందో, ఇప్పుడు పిల్లి కూనలా అయింది. మీట వదిలి మళ్ళీ నొక్కింది.

"అన్నా."

అయిదు దీవుల్లో ముప్పై లారీలు వింటున్నాయి.

"అన్నా, నేను వాసితిని. చిన్నాన్న కూతుర్ని. నీళ్ళొస్తున్నాయి. కుర్రాళ్ళని తీసుకుని పైకి రా."

మీట వదిలింది. రేడియో గరగరలాడింది, అంతే. అటు ఏ గొంతూ లేదు. ఉంటుందని ఆమె అనుకోలేదు కూడా. గోడ గడియారంలో ఎనిమిదీ నలభై తొమ్మిది. యాభై. తలుపు దగ్గర ఎవరో ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. యాభై ఒకటి. అర్వీన్ గోడకి ఆనుకుని అరచేతులతో ముఖం కప్పుకున్నాడు. వాసితి ట్యాంకులో బూట్ల చప్పుడు ఊహించుకోవడానికి ప్రయత్నించింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా వినని గొంతు ఇది. అన్న గుర్తుపట్టకపోతే? ఎవరో ఆడమనిషి చేత ఆఫీసు మాట్లాడిస్తోందని అనుకుంటే? ఇంకోసారి పిలవాలా? చెయ్యి మీట మీదికి వెళ్ళి ఆగింది. యాభై రెండు. యాభై మూడు.

రేడియో టక్కుమంది.

మాట లేదు. ఎవరో మీట ఒకసారి నొక్కి వదిలారు. మళ్ళీ టక్కు. మళ్ళీ. మళ్ళీ. నాలుగుసార్లు. అక్కడితో ఆగింది.

"ఏంటది? పాడైందా?" అన్నాడు అర్వీన్.

"నలుగురు" అంది వాసితి. "నలుగురూ బయటికొచ్చారు."

అప్పుడు రేడియో మళ్ళీ తెరుచుకుంది. ఈసారి మీట వదల్లేదు. రొప్పులు వినబడ్డాయి. ఒక కుర్రాడు దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. కొంతసేపు అవే. ఆ తరవాత పైపులోంచి గాలి కూసింది, వెనకాలే ట్యాంకులో పెద్ద మోత. లారీ అద్దాలు అదిరే చప్పుడు కూడా వచ్చింది. ఎమోసి ఒక్క మాట మాట్లాడలేదు. చెల్లెలికి వినబడాలని మీట అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

వాసితి నేల మీద కూలబడి భోరుమని ఏడ్చింది. ఎవరూ ఊరుకోబెట్టలేదు.

ఆ తరవాత కాగితాల గొడవ ఎలాగూ ఉంటుంది. అన్నకి ఒక నోటీసు, చెల్లెలికి ఒక నోటీసు. అర్వీన్ తన మీద తానే ఒకటి రాసుకున్నాడట. మనిషిని అడగకుండా కబురు పంపే పద్ధతి తీసేశారు. ఇప్పుడు నీళ్ళూ కరెంటూ ఉన్న పనికి ఒకరితో ఒకరు ఫోనులో మాట్లాడుకుంటే తప్ప తరువాతిది కదలదు. ఆఫీసులో అందరూ దాన్ని వాసితి తాళం అంటారు. ఆమెకి ఆ పేరు నచ్చదు.

ఆఫీసు సంగతి అలా తీరింది. ఇంటి సంగతి నోటీసులతో తీరేది కాదు. మాట్లాడకూడని మనిషితో మాట్లాడింది, అదీ ముప్పై లారీల ముందు. శనివారం వాసితి తండ్రి పెట్టెలోంచి తిమింగలం పన్ను తీసుకుని ఓడెక్కింది. తప్పు ఒప్పుకోవడానికి అంతకంటే పెద్దది ఇంకేమీ లేదు వాళ్ళకి. వైనిలోలో శిబిరంలో రేకుల ఇంట్లో చాప పరిచారు. తలుపవతల వసారాలో వాసితి తలవంచుకుని కూచుంది. లోపల ఎమోసి గోడవైపు తిరిగి కూచున్నాడు. బుగ్గ ఇంకా బూరెలా ఉబ్బిన రూపెని మధ్యలో మోకాళ్ళ మీద నిలబడి, ఆమె తరఫున పన్ను చాప మీద పెట్టి మాట చెప్పాడు.

ఎమోసి దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. అందుకుని, తన పక్కన గుడ్డలో చుట్టి ఉంచిన ఇంకో పన్ను తీసి చాప మీద పెట్టాడు. చేసిన తప్పు తనది కూడా అని. మూత దగ్గర మనిషిని పెట్టలేదు, మేనేజరు మాట వినలేదు, ముందే టిక్కులు పెట్టాడు. అవన్నీ రూపెని చేతే చెప్పించాడు.

"రెండు పళ్ళిచ్చారు, నాకు పోయింది ఒకటే" అన్నాడు రూపెని. లోపల ఎవరో నవ్వారు. బావలకి అడ్డు లేదన్నాను కదా, అతనే అడిగాడు: "ఇది చెప్పు బావా. మేనేజరు గొంతు చించుకుంటే అరగంట అన్నావు. ఆవిడ రెండు ముక్కలు చెబితే పరుగెత్తుకొచ్చావట, కుర్రాళ్ళు చెప్పారు. నీళ్ళు నిజంగా వస్తున్నాయో లేదో కూడా అడగలేదట. ఎందుకు?"

ఎమోసి గోడవైపే చూస్తూ, రూపెనితోనే అన్నాడు. మాట వసారాలోకి కూడా వినబడింది.

"మేనేజరు రోజూ మాట్లాడతాడు. చెల్లెలు ఇరవై ఎనిమిదేళ్ళకి మాట్లాడింది. ఇంక అడిగేదేముంది?" ఒళ్ళోని పన్నుని గుడ్డలో చుట్టాడు. "గొంతు మా నాయనమ్మదే, బావా."

వసారాలో వాసితి అరచేత్తో ముఖం తుడుచుకుంది. ఆ తతంగం మొత్తంలో వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పొద్దువాలకముందే ఆమె ఓడకి బయల్దేరింది.

సోమవారం ఏడుంపావుకి బోర్డు తెరిచింది. పక్కన టీ, కర్రపెండలం ముక్క. ఎమోసి పట్టిక మొత్తం బూడిదరంగులో ఉంది, చెరపడానికి ఒక్కటి కూడా లేదు. టీ తాగడానికి ఆ రోజు ఆమెకి చాలా సమయం మిగిలింది.

సాయంత్రం రూపెని ఫోను చెయ్యలేదు. అయిదు దాటింది, అయిదున్నర అయింది. పనిచేసే చోటు నుంచి ఆ గట్టెక్కడానికి నలభై నిమిషాలు పడుతుందని ఆమెకి తెలుసు. పని అలసట మీద ఎక్కేవాడికి ఇంకాస్త ఎక్కువ. ఆఫీసులో అందరూ వెళ్ళిపోయారు. అయిదూ యాభై రెండుకి ఎమోసి పేరు పక్కన మొదటి టిక్కు పడింది. తరవాత రెండోది, మూడోది, నాలుగోది. వాసితి నాలుగూ లెక్కపెట్టుకుని, వేటినీ ముట్టుకోకుండా, సంచీ భుజాన వేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.